నాన్న కాపలా

అయిదు నెలల పిల్లని తీసుకుని బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నామని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టానో లేదో, పామర్రు నుంచి మా పిన్ని ఫోన్.

"మతిపోయిందా నీకు? పసిగుడ్డుని ఆ జనంలోకి తీసుకెళ్తావా? దిష్టి తగులుద్ది. అయినా ఆ ఆట మీలో ఎవరికన్నా తెలుసా అసలు?"

తెలీదు. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా ఆఫీసులో నలుగురితో మాట కలిపేంత వరకే తెలుసు.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మరి ఆట తెలియని వాళ్లం ఎందుకు బయల్దేరాం అంటే, నాకు ఇంట్లోంచి బయటపడాలనిపించింది. అంతే.

డిసెంబరులో పాప పుట్టింది. అప్పటినుంచి నేను చూసిన లోకం రెండే చోట్లు. ఒకటి పిల్లల డాక్టరు గారి వెయిటింగ్ హాలు, రెండోది ఇండియన్ కిరాణా కొట్టు. మిగతా టైమంతా పిల్ల ఊపిరి చూస్తూ కూర్చోవడమే. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అమ్మ పక్కనే ఉండి "కాసేపు పడుకోవే, నేను చూస్తాగా" అనేది. పడుకునేదాన్నే గానీ కళ్లు మూతపడేవి కావు. పురుడయ్యాక మొదటి రెండు వారాలు దిగులు, ఏడుపు చాలామందికి ఉండేవే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చెప్పాలి. నేను కాస్త ఆలస్యంగా చెప్పాను. ఆవిడ చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి, వారానికి ఒక్కసారైనా ఇల్లు కదలమని.

ఆ ఇంట్లో బందీ అయిపోయిన మనిషి ఇంకొకరున్నారు. మా నాన్న.

అమ్మా నాన్నా నవంబరు ఆఖర్లో పురిటికని వచ్చారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లని మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు. ఆ ఆర్నెల్లూ అమ్మకి చేతినిండా పనే. పథ్యం వంట, పాపకి నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ. (ఆ పొగకి స్మోక్ అలారం మోగిన కథ ఇంకో వారం చెప్తా.) నాన్నకి మాత్రం ఏ పనీ లేదు. పామర్రులో అయితే తెల్లారకుండానే పొలం గట్టు మీద ఉంటాడు. ఏడింటికల్లా సెంటర్లో టీ, పేపరు, బందరు రోడ్డు మీద వచ్చేపోయే బస్సులు, గుడివాడ వైపు నుంచి దిగే తెలిసిన మొహాలు. ఇక్కడ నడిచి వెళ్దామంటే టీకొట్టు లేదు. నడిచేవాళ్లే లేరు.

వరి కోతల టైములో వదిలేసి వచ్చాడు. కుప్పలు బాబాయి వేయించాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, ఇక్కడ టెక్సస్‌లో కిటికీ దగ్గర కూర్చుని ఫోన్లో పామర్రు ఆకాశం ఎలా ఉందో చూసుకునేవాడు. ఒకరోజు కడిగిన గిన్నెలే మళ్లీ తుడుస్తూ "ఇక్కడ నాతో పనేముందమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది.

జూన్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకి నీళ్లొదిలేలోపు ఆయన ఊళ్లో ఉండాలి, నారుమళ్ల పని చూసుకోవాలి. మే ఆఖరుకి టికెట్లు. మ్యాచ్ రోజుకి ఇంకా పది రోజులే మిగిలింది.

మ్యాచ్‌కి ముందు రాత్రి మూడింటికి పాలిస్తూ ఫోన్ తీశాను. కొత్త తల్లులందరికీ ఉండే జబ్బే ఇది. బేస్‌బాల్‌కి పసిపిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని వెతికా. వచ్చింది చదివాక ఉన్న కాస్త నిద్ర కూడా ఎగిరిపోయింది.

2019 మే. ఇదే టెక్సస్‌లో హ్యూస్టన్. షికాగో కబ్స్ ఆటగాడు ఆల్బర్ట్ అల్మోరా జూనియర్ కొట్టిన ఫౌల్ బంతి నేరుగా జనంలోకి దూసుకెళ్లి రెండేళ్ల పాపకి తగిలింది. పుర్రె ఎముక చిట్లింది. అల్మోరా మైదానంలోనే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేశాడు. అంతకు రెండేళ్ల ముందు, 2017 సెప్టెంబరులో, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఇంకో చిన్నపిల్లకి ఇలాగే తగిలింది. ఆ బంతి వేగం గంటకి 105 మైళ్లు. అంటే 169 కిలోమీటర్లు.

క్రికెట్ చూసి పెరిగిన మనకి ఈ భయం తెలీదు. మన ఆటలో జనం బౌండరీ అవతల దూరంగా ఉంటారు. బంతి వాళ్ల దాకా వచ్చేసరికి సగం వేగం తగ్గిపోతుంది. బేస్‌బాల్‌లో అలా కాదు. బ్యాటర్‌కి అటూ ఇటూ రెండు గీతలుంటాయి. ఆ గీతల బయటికి పోయిందంతా ఫౌల్. ఆ గీతల పక్కనే, అతి దగ్గర్లో, జనం కూర్చుంటారు. పైగా బంతి తగిలే ప్రమాదం ప్రేక్షకుడిదేనని టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది.

పొద్దున్నే మా ఆయనకి చూపించా. "వల వెనకాల సీట్లే తీసుకున్నా, కంగారు పడకు" అన్నాడు. వలల కథ అప్పుడు తెలిసింది. 2018 సీజన్ మొదలయ్యే నాటికి మేజర్ లీగ్‌లోని 30 జట్లూ వలల్ని డగౌట్ల చివరిదాకా పెంచాయి. హ్యూస్టన్‌లో పాపకి దెబ్బ తగిలాక అదీ చాలదనుకున్నారు. 2020 సీజన్‌కి ఇంకా పొడిగిస్తామని 2019 డిసెంబరులో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ ప్రకటించాడు. ఆ తర్వాత కింది లీగులకీ పాకింది.

నాన్న టీ తాగుతూ అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"వల ఎత్తెంత, అల్లుడుగారూ?"

మా ఆయన దగ్గర జవాబు లేదు.

సాయంత్రానికి సామాను సిద్ధం. డైపర్లు, రెండు జతల బట్టలు, పాలు, పల్చటి దుప్పటి, చెవులకి పెట్టే మఫ్‌లు. స్పీకర్ల మోత పసి చెవులకి మంచిది కాదు, ఇవి తప్పకుండా కొనండి. ఆర్నెల్లలోపు పిల్లలకి సన్‌స్క్రీన్ రాయొద్దంటారు. నీడ, టోపీ, ఒళ్లంతా కప్పే పల్చటి బట్టలే దారి. అందుకే నీడపడే వైపు సీట్లు చూసుకున్నాం. అమ్మ తన వంతుగా పాప బుగ్గన ఇంత కాటుక చుక్క, అరికాలికి ఇంకోటి పెట్టింది. ఇంత జనానికి ఒక చుక్క చాలదట.

మేం వెళ్లింది ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి. ఇది టెక్సస్ రేంజర్స్ అనే పెద్ద జట్టుకి కింది జట్టు. పైకి వెళ్లాల్సిన కుర్రాళ్లు ఇక్కడ రాటుదేలతారు. స్టేడియం 2003లో కట్టింది. పెద్దదేం కాదు, అందుకే పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది. మైదానం అంచున ఒక నీళ్ల కాలవ ఉంది. జనం రబ్బరు ట్యూబుల మీద తేలుతూ మ్యాచ్ చూస్తున్నారు. అది చూసి నాన్న చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.

"మనూళ్లో గేదెలు కూడా ఇలాగే చూస్తాయమ్మా క్రికెట్!"

అమ్మ దృష్టి అంతా మా ఆయన చెప్పిన ఒక్క పేరు మీదే పడింది. కుమార్ రాకర్. రేంజర్స్ పిచర్. 2024 సెప్టెంబరులో పెద్ద జట్టు తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. వాళ్లమ్మది భారతీయ కుటుంబం. "కుమారా? ఏ ఊరివాళ్లో కనుక్కున్నారా?" అంది అమ్మ. ఆ అబ్బాయి ఇవాళ ఆడడు అత్తయ్యగారూ అని మా ఆయన చెప్తే, ఆవిడకి మ్యాచ్ మీద ఉన్న కాస్త ఆసక్తీ పోయింది.

ఆట మొదలైంది. నాన్న ప్రశ్నలూ మొదలయ్యాయి.

"బంతి నేల మీద పడదా? అన్నీ ఫుల్‌టాసులేనా?"

"కొట్టాక బ్యాట్ అక్కడే పారేసి పరిగెడుతున్నాడేంటి?"

"తొమ్మిది ఇన్నింగ్సా? అయిదు రోజులు ఆడతారా ఏంటి?"

మా ఆయన ఓపిగ్గా చెప్తున్నాడు. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు, అంటే మన పిచ్ కంటే కొంచెం తక్కువ. ముగ్గురు ఔటైతే వీళ్ల వంతు అయిపోయినట్టు. నేనేం వినలేదు. పాపని గుండెకి హత్తుకుని, ఒక చెయ్యి దాని తల మీద కప్పి, బిగుసుకుని కూర్చున్నా. బ్యాట్‌కి బంతి తగిలి టక్ మన్న ప్రతిసారీ ఉలిక్కిపడ్డా. వల ఎదురుగానే కనిపిస్తోంది. అయినా సరే.

రెండో ఇన్నింగ్స్ అనుకుంటా. బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. వల ఎత్తు దాటింది. ఆకాశంలో చిన్న చుక్కలా నిలబడి, మా వెనక నాలుగు వరసల అవతల దిగింది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన లేచి రెండు చేతులతో పట్టేశాడు. జనం చప్పట్లు. నాకు నోరు ఎండిపోయింది. "ఇంటికి వెళ్దాం పదండి" అన్నాను.

ఆ పెద్దాయన నాలుగు మెట్లు దిగొచ్చి బంతి పాపకి ఇవ్వబోయాడు. ఇక్కడ జనంలోకి వచ్చిన బంతి పట్టుకున్నవాళ్లదే, వెనక్కి ఇవ్వక్కర్లేదు. నాన్న చెయ్యి అడ్డం పెట్టి "వద్దొద్దు, నోట్లో పెట్టుకుంటది" అని తెలుగులోనే చెప్పేశాడు. అమ్మ ఊరుకుంటుందా? "ఊరికే ఇచ్చేదాన్ని వద్దంటారేంటండీ" అంటూ అందుకుని పర్సులో వేసుకుంది.

నేను సంచి సర్దుతున్నా. అప్పుడు నాన్న తన కుర్చీలోంచి లేచి, నా ముందు వరసలో ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నాడు. మైదానం వైపు తిరిగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.

"బంతి నేను చూస్తాను. నువ్వు చూడకు. ఇటొస్తే నేను చెప్తా. నువ్వు కూర్చుని ఏదన్నా తిను."

ఆ కూర్చున్న తీరు నాకు తెలుసు. కోతలయ్యాక కళ్లంలో ధాన్యం రాశి పోస్తే, రాత్రుళ్లు దుప్పటి కప్పుకుని అలాగే కూర్చునేవాడు. మబ్బు పడుతుందేమో, పందులు వస్తాయేమో, ఎవరైనా వస్తారేమో అని. చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్తే "పెట్టి వెళ్లమ్మా" అనేవాడు గానీ చూపు తిప్పేవాడు కాదు.

సంచి కింద పెట్టాను.

తర్వాత అయిదు ఇన్నింగ్స్ నాన్న ఒక్క బంతి కూడా వదల్లేదు. మా ఆయన మధ్యలో ఫోన్ చూసుకున్నాడు. అమ్మ జనం వేసుకున్న బట్టలు చూసింది. చుట్టూ వేలమంది తింటున్నారు, తాగుతున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ చుట్టుపక్కల బేస్‌బాల్ పూర్తిగా చూసింది మా పామర్రు రైతు ఒక్కడే అని బల్లగుద్ది చెప్పగలను.

అలా చూస్తూ చూస్తూ ఆటని తనే విప్పేసుకున్నాడు. అయిదో ఇన్నింగ్స్‌లో వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"కుడిచేతివాడు తొందరపడి కొడితే మన వైపు వస్తది. గట్టిగా వస్తది. ఎడమచేతివాడు లేటుగా ఆడితే మన వైపు వస్తది. అదంత ఊపుండదు."

మా ఆయన ఫోన్ జేబులో పెట్టాడు. మేం కూర్చున్నది మూడో బేస్ వైపు. ఆలోచిస్తే అక్షరాలా నిజం.

ఇంకాసేపటికి ఇంకోటి. "రెండు స్ట్రైకులు పడేదాకా ఫౌల్ కొడితే అది కూడా స్ట్రైకు కిందే లెక్క. రెండయ్యాక ఎన్ని ఫౌల్స్ కొట్టినా లెక్కలేదు. అప్పుడు వాడు ఔటవకుండా ఎలాగోలా తగిలిస్తా ఉంటాడు. కాబట్టి రెండయ్యాకే మనం జాగ్రత్తగా ఉండాలి."

ఆయనకి ఎవరూ చెప్పలేదు. పరుగుల లెక్క ఆయనకి అక్కర్లేదు. ఏ బంతి మనవరాలి వైపు వస్తుందో అదే ఆయన ఆట. ఆ ఒక్క లెక్క కోసం చూస్తే మిగతా ఆటంతా వచ్చేసింది.

నేనేం చేశానంటే, నాచోస్ తిన్నా. వేడిగా, చీజ్ కారుతూ, రెండు చేతులతో. పాప అమ్మ ఒళ్లో చెవులకి మఫ్‌లు పెట్టుకుని నిద్రపోతోంది. దాని ముక్కు దగ్గర నేను వేలు పెట్టలేదు. ఎంతసేపు పెట్టలేదో కూడా తెలీలేదు. ఎదురుగా పచ్చటి మైదానం, లైట్లు, గాలి. కొంచెంసేపు ఏమీ ఆలోచించకుండా కూర్చున్నా. అయిదు నెలల్లో అదే మొదటిసారి.

అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ నాకు నిద్ర ఎందుకు పట్టలేదో. "నువ్వు పడుకో" అని అందరూ చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. కానీ పడుకోమని చెప్పడం వేరు, నా కళ్ల బదులు తన కళ్లు పెట్టి కూర్చోవడం వేరు. బిడ్డని ఎత్తుకోవడానికి, ముద్దు చేయడానికి బోలెడుమంది ఉంటారు. కాపలా ఇంకొకరు తీసుకుంటేనే తల్లి కళ్లు మూసుకుంటుంది. నాన్నకీ ఇన్నాళ్లూ కావాల్సింది అదే. విశ్రాంతి కాదు, ఒక పని. ఆయన తప్ప ఇంకెవరూ చేయని పని.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియం అంతా లేచి నిలబడి పాట పాడింది. 1908 నాటి పాటట, ప్రతి మ్యాచ్‌లోనూ పాడతారు. అందరూ నిలబడ్డారని నాన్నా నిలబడ్డాడు. అప్పుడు బంతి ఆటలో లేదు. అయినా చూపు మాత్రం మైదానం మీదే.

పాట అవగానే బయల్దేరాం. పిల్లలున్నవాళ్లకి నా సలహా, చివరిదాకా ఉండాలని పంతం పట్టకండి. అయితే ఇప్పుడు మ్యాచ్‌లు మునుపటంత సాగవు. పిచర్ ఇన్ని సెకన్లలో బంతి వేయాల్సిందే అని 2023లో మేజర్ లీగ్‌లో గడియారం పెట్టాక, సగటు మ్యాచ్ 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. రెండు పాలపూటల మధ్య దాదాపు సరిపోతుంది. ఆ రోజు ఎవరు గెలిచారో మాత్రం నన్నడక్కండి.

పది రోజుల తర్వాత అమ్మా నాన్నా వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టులో నాన్న పాపని మా ఆయన చేతుల్లో పెట్టాడు. నా చేతుల్లో కాదు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒక కొత్త పద్ధతి. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా కాపలా మా ఆయనది. 'హెల్ప్' కాదు, కాపలా. ఆ మూడు గంటలు పాప ఏడ్చినా, దగ్గినా, డైపర్ మార్చాల్సి వచ్చినా నన్ను లేపకూడదు. లేపాల్సిన పని ఏదో, అక్కర్లేనిది ఏదో కూడా ఆయనే తేల్చుకోవాలి. మొదటి వారం కష్టమైంది, ఆయనకీ, నాకూ. తలుపు ఇవతల చెవులు రిక్కించి పడుకునేదాన్ని. రెండో వారం నిద్రపోయాను. కొత్తగా అమ్మానాన్నలైన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో కూడా గంటలు రాసుకుని పంచుకోండి. వట్టి మాటసాయం చాలదు.

నిన్న పామర్రు నుంచి నాన్న వీడియో కాల్ చేశాడు. నాట్లు అయిపోయాయి. వెనకాల టీవీ పక్కన, దేవుడి కేలండర్ కింద, అమ్మ పర్సులో వెళ్లిన ఆ తెల్లబంతి కనిపిస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ నాన్న ఫౌల్ రూలు వివరిస్తున్నాడట.

"మళ్లీ వెళ్లారా మ్యాచ్‌కి?" అనడిగాడు.

"లేదు నాన్నా, వచ్చే ఆదివారం అనుకుంటున్నాం."

"వెళ్లండి, వెళ్లండి. పిల్లకి గాలి మారుతుంది. రెండు స్ట్రైకులు పడ్డాక మాత్రం ఫోన్ చూడొద్దని అల్లుడుగారికి చెప్పు."